రాజా రామ్మోహన్ రాయ్ జీవితం, బ్రిస్టల్‌లోని ఆయన సమాధి: తరచుగా అడిగే ప్రశ్నలు

రామ్మోహన్ రాయ్ గురించి నన్ను అడిగేవాళ్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు కొందరు. చదువుకో, ఉద్యోగానికో ఇంగ్లండ్ వెళ్లి, బ్రిస్టల్‌లో ఆయన సమాధి ఉందని విని ఆశ్చర్యపోయినవాళ్లు ఇంకొందరు. అందరి సందేహాలూ తిరిగి తిరిగి అవే. "సతిని రూపుమాపిన మహనీయుడు" అనే పాఠ్యపుస్తకం వాక్యం దగ్గరే చాలామంది ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ మనిషి ఎలా వాదించారో, ఎలా బతికారో, చివరికి తనను ఎలా పూడ్చిపెట్టాలో కూడా ఎంత ఆలోచించి చెప్పారో తెలిస్తే ఆ వాక్యానికి బరువు వస్తుంది. కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. అందుకే ఒకటి రెండు సంగతులు రెండేసి చోట్ల వస్తాయి.

## పుట్టుక, చదువు, ఉద్యోగం

ఆయన పుట్టింది 1772లోనా, 1774లోనా? పరీక్షలో ఏది రాయాలి?

1772 మే 22 అని రాయండి. బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా రాధానగర్ ఆయన ఊరు. భారత ప్రభుత్వం కూడా ఈ తేదీనే తీసుకుని 2022లో 250వ జయంతి ఉత్సవాలు మొదలుపెట్టింది. 1774 అన్నది ఎవరో కల్పించింది కాదు. బ్రిస్టల్ సమాధి మీద ఆయన వంశీకులు చెక్కించిన ఫలకంలో ఉన్నది ఆ సంవత్సరమే. పాత జీవిత చరిత్రల్లో రెండూ కనిపిస్తాయి.

బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి పారశీకం, అరబ్బీ ఎందుకు నేర్చుకున్నారు?

ఆ రోజుల్లో కచేరీ భాష పారశీకం. కొలువు కావాలంటే అది రావాల్సిందే. ఇప్పుడు మన పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో వేసినట్టే అప్పుడు స్తోమత ఉన్న హిందూ కుటుంబాలు పిల్లలకు పారశీకం చెప్పించేవి. రామ్మోహన్ పట్నాలో పారశీకం, అరబ్బీ, కాశీలో సంస్కృతం చదివారని చెబుతారు. ఖురాన్, ఉపనిషత్తులు రెండూ మూలంలో చదవగలిగిన మనిషికి, దేవుడు ఒక్కడే అన్న ఆలోచన రెండు వైపుల నుంచీ బలపడింది. ఆయన తొలి రచన "తుహ్‌ఫత్-ఉల్-మువహ్హిదీన్" పారశీకంలో ఉంది. దానికి ముందుమాట అరబ్బీలో రాశారు.

ఈస్టిండియా కంపెనీలో పనిచేసి సంస్కర్త ఎలా అయ్యారు?

జాన్ డిగ్బీ అనే కంపెనీ అధికారి దగ్గర, ముఖ్యంగా రంగపూర్‌లో, రెవెన్యూ పనులు చూశారు. ఇంగ్లిష్ పట్టుబడింది అక్కడే. భూముల మీద, వడ్డీ వ్యాపారం మీద ఆదాయం ఉండేది కాబట్టి 1814లో ఉద్యోగం వదిలి కలకత్తాలో స్థిరపడగలిగారు. మరుసటి ఏడాది మతం, సంస్కరణల మీద చర్చించుకునే ఆత్మీయ సభ పెట్టారు. కేన, ఈశ, కఠ, ముండక ఉపనిషత్తులను బెంగాలీ, ఇంగ్లిష్ భాషల్లోకి తెచ్చారు. పండితుల చేతుల్లోనే ఉండే గ్రంథాలను మామూలు మనుషుల భాషలో అచ్చు వేయడం చిన్న పని కాదు. ఆయన సంస్కరణ మొదలైంది ఇక్కడేనని నా అభిప్రాయం.

కన్నతల్లే ఆయనతో గొడవపడిందా?

అవును. తల్లి తారిణీదేవి గట్టి ఆచారపరురాలు. విగ్రహారాధన వద్దన్న కొడుకుతో ఆమెకు పొసగలేదు. 1817లో అన్న కొడుకు గోవింద ప్రసాద్ ఆస్తి విషయంలో ఆయన మీద దావా వేశాడు. దాని వెనుక తల్లి మద్దతు ఉంది. దావా నిలవలేదు. తర్వాత ఆమె పూరీ జగన్నాథుడి సన్నిధికి వెళ్లిపోయి చివరి రోజులు అక్కడే గడిపారు.

## సతి మీద పోరాటం

సతిని నిషేధించింది రామ్మోహన్ రాయా, విలియం బెంటింకా?

చట్టం చేసింది గవర్నర్ జనరల్ బెంటింక్. 1829 డిసెంబర్ 4న వచ్చిన 17వ రెగ్యులేషన్ అది. సతికి సహకరించడాన్ని నేరపూరిత నరహత్యగా చూడాలని చెప్పింది. పదకొండేళ్ల ముందు నుంచే పుస్తకాలతో, పత్రికలతో, సభలతో దానికి నేల దున్నింది రామ్మోహన్. మొదటి రెగ్యులేషన్ బెంగాల్ ప్రెసిడెన్సీకే పరిమితం. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కాబట్టి అక్కడ 1830లో వచ్చిన మద్రాసు రెగ్యులేషన్ ద్వారా అమల్లోకి వచ్చింది.

సొంత వదినను చితి మీద కాలుస్తుంటే కళ్లారా చూశారట, నిజమేనా?

పాఠాల్లో, ఉపన్యాసాల్లో బాగా వినిపించే కథ ఇది. దీనికి సమకాలీన ఆధారం లేదు. అన్న జగన్మోహన్ చనిపోయే నాటికి రామ్మోహన్ ఉద్యోగరీత్యా రంగపూర్‌లో ఉన్నారు. ఆయన పోరాటానికి ఈ కథ అవసరం కూడా లేదు. బెంగాల్ ప్రెసిడెన్సీలో 1818 ఒక్క ఏడాదిలోనే 839 మంది సతి అయినట్టు ప్రభుత్వ లెక్క. కలకత్తా చుట్టుపక్కల శ్మశానాలకు వెళ్లి, ఆ కుటుంబాలను బతిమాలి ఆపడానికి ఆయన ప్రయత్నించేవారు.

శాస్త్రంలో ఉందనేవాళ్లతో ఎలా వాదించారు?

శాస్త్రం పట్టుకునే. 1818లో బెంగాలీలో అచ్చయిన ఆయన పుస్తకం సంవాదంలా సాగుతుంది. సతిని సమర్థించే ప్రవర్తకుడు, వద్దనే నివర్తకుడు ఒకరినొకరు ప్రశ్నించుకుంటారు. ఎదుటివాళ్ల వాదాన్ని ముందు పూర్తిగా చెప్పనిచ్చి, ఆ తర్వాత విప్పుతారు.

ముఖ్యంగా మూడు మాటలు చెప్పారు. భర్త పోయిన స్త్రీ నియమంగా బతకాలని మనువు చెప్పాడు, చావమని చెప్పలేదు. సతి అన్నది స్వర్గం కోరి చేసే కామ్య కర్మ. ఫలాపేక్షతో చేసే కర్మను గీత తక్కువగా చూస్తుంది. మూడో మాట నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. మీరు చూపించే శ్లోకాల ప్రకారమైనా ఆమె తనంతట తాను, మండుతున్న చితి ఎక్కాలి. మీరు చేస్తున్నదేమిటి? ముందే ఆమెను శవానికి కట్టేస్తున్నారు. లేవకుండా పైన కట్టెలు పేరుస్తున్నారు. నిప్పు పెట్టాక పెద్ద పెద్ద వెదురు బొంగులతో అదిమి పెడుతున్నారు. ఇది ఏ శాస్త్రంలో ఉంది? ఆ వెదురు బొంగులు శ్మశానంలో నిలబడి చూసిన మనిషికే తడతాయి.

1819లో వచ్చిన రెండో పుస్తకంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆడవాళ్లకు తెలివి తక్కువ అంటున్నారు, వాళ్లకు చదువు చెప్పి ఎప్పుడైనా పరీక్షించి చూశారా అని అడిగారు.

ఆస్తి హక్కుకీ సతికీ ఏం సంబంధం?

చాలా ఉంది. ఈ ముడిని పట్టుకోవడమే రామ్మోహన్ గొప్పతనం. బెంగాల్‌లో చెల్లుబాటయ్యే దాయభాగం అనే హిందూ వారసత్వ పద్ధతిలో కొడుకులు లేని వితంతువుకు భర్త ఆస్తి అనుభవించే హక్కు ఉండేది. ఆమె లేకపోతే అది దాయాదులకు పోతుంది. పైగా కులీన బ్రాహ్మణులు ఒక్కొక్కరు ఎన్నో పెళ్లిళ్లు చేసుకునేవారు. ఆ భార్యలకు తిండి పెట్టే దిక్కు ఉండేది కాదు. 1822లో ఆయన స్త్రీల ఆస్తి హక్కుల మీద ఇంగ్లిష్‌లో ఒక చిన్న పుస్తకం రాశారు. పూర్వ స్మృతికారులు స్త్రీకి ఇచ్చిన వాటాను తర్వాతివాళ్లు కోసేశారని, ఆ నిస్సహాయతే ఆడవాళ్లను చితి వైపు నెడుతోందని అందులో చెప్పారు.

చట్టం వద్దని మొదట ఆయనే అన్నారట కదా?

అన్నారు. 1829 నవంబర్‌లో బెంటింక్ రాసిన నోట్‌లోనే ఆ సంగతి ఉంది. ఒక్కసారిగా నిషేధిస్తే, రాజ్యం చేతికి చిక్కింది కాబట్టి ఇక మా మతం జోలికి వస్తున్నారని జనం భయపడతారని రామ్మోహన్ అనుకున్నారు. పోలీసుల ద్వారా అడ్డంకులు పెంచుతూ చడీచప్పుడు లేకుండా ఆపించడం మంచిదని సలహా ఇచ్చారు. ఇది చదివి కొందరు ఆయన్ను పిరికివాడంటారు. నేను ఒప్పుకోను. సలహా పక్కన పెట్టి బెంటింక్ చట్టం చేశాక, ఆయన దాని వెనుకే గట్టిగా నిలబడ్డారు. ఆచారవాదుల నాయకుడు రాధాకాంత దేవ్ వర్గం ధర్మసభ పెట్టి, లండన్‌లో అప్పీళ్లు వినే ప్రివీ కౌన్సిల్‌కు అప్పీలు చేస్తే, చట్టం నిలబడాలని అక్కడికే వెళ్లి పనిచేశారు. 1832 జులైలో అప్పీలు కొట్టేసిన నాటికి ఆయన లండన్‌లోనే ఉన్నారు.

వితంతు వివాహాల చట్టం కూడా ఆయన తెచ్చిందేనా?

కాదు. అది 1856లో, ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కృషితో వచ్చింది. అప్పటికి రామ్మోహన్ పోయి 23 ఏళ్లు. బిట్ పేపర్లలో ఎక్కువ మంది తప్పు పెట్టేది ఇక్కడే.

## బ్రహ్మసమాజం, చదువులు, పత్రికలు

బ్రహ్మసమాజం కొత్త మతమా? క్రైస్తవం నుంచి తెచ్చిందా?

1828 ఆగస్టు 20న కలకత్తాలో మొదలైన బ్రహ్మసభే తర్వాత బ్రహ్మసమాజం అయింది. కొత్త మతం పెడుతున్నానని రామ్మోహన్ అనలేదు. ఉపనిషత్తుల్లోని ఏకేశ్వర భావనకు తిరిగి వెళ్దామన్నారు. సభలో వేదపఠనం, ఉపనిషత్తుల వ్యాఖ్యానం, కీర్తనలు ఉండేవి, విగ్రహం ఉండేది కాదు.

క్రీస్తు నీతిబోధ అంటే ఆయనకు ఎంతో గౌరవం. 1820లో ఆ బోధలను మాత్రమే ఏరి, అద్భుతాలనూ, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే త్రిత్వ సిద్ధాంతాన్నీ వదిలేసి పుస్తకం వేశారు. దాంతో సెరాంపూర్ మిషనరీలకే కోపం వచ్చి, జాషువా మార్ష్‌మన్‌తో ఏళ్ల తరబడి వాదం నడిచింది. ఒకవైపు పండితులు, ఇంకోవైపు మిషనరీలు. ఇద్దరితోనూ వాళ్ల గ్రంథాల్లోంచే మాట్లాడారు.

సంస్కృత కళాశాల వద్దన్నారు కదా, సంస్కృతానికి శత్రువా?

1823 డిసెంబర్‌లో గవర్నర్ జనరల్ ఆమ్‌హర్స్ట్‌కు రాసిన లేఖలో, ప్రభుత్వ డబ్బుతో గణితం, రసాయన శాస్త్రం, శరీర నిర్మాణ శాస్త్రం లాంటివి చెప్పించమని అడిగారు. వ్యాకరణం మీద పన్నెండేళ్లు ఖర్చయ్యే చదువు దేశాన్ని చీకట్లో ఉంచుతుందన్నారు. అదే మనిషి 1826లో సొంతంగా వేదాంత కళాశాల నడిపారు. ఆయన గొడవ భాషతో కాదు, సర్కారు డబ్బు దేనికి ఖర్చు పెట్టాలన్న దానితో.

ఆయన నడిపిన పత్రికలేవి?

బెంగాలీలో "సంబాద్ కౌముది" (1821), పారశీకంలో "మిరాత్-ఉల్-అఖ్బార్" (1822). 1823లో పత్రికలకు లైసెన్సు తప్పనిసరి చేస్తే, నిరసనగా రెండో పత్రికను మూసేశారు.

## ఇంగ్లండ్ ప్రయాణం

ఆయన నిజంగా రాజేనా?

రాజ్యం ఏమీ లేదు. ఢిల్లీ మొఘల్ చక్రవర్తి రెండో అక్బర్ ఇచ్చిన బిరుదు అది. కంపెనీ తనకిచ్చే భత్యం చాలడం లేదని బ్రిటన్ రాజుకు మొర పెట్టుకోవడానికి చక్రవర్తి ఆయన్ను దూతగా పంపారు. కంపెనీ ఆ బిరుదును గుర్తించలేదు. అయినా లండన్ జనం మాత్రం "రాజా" అనే పిలిచారు. భత్యం పని కూడా సాధించారు. ఏడాదికి మూడు లక్షల రూపాయలు పెంచడానికి కంపెనీ ఒప్పుకుంది.

సముద్రం దాటితే కులం పోతుందనే రోజుల్లో ఎలా వెళ్లారు?

తెగించే వెళ్లారు. కానీ తన మీద వేలెత్తి చూపే అవకాశం ఇవ్వలేదు. 1830 నవంబర్‌లో "ఆల్బియన్" అనే ఓడ ఎక్కారు. వంటకు బ్రాహ్మణుణ్ణి వెంట తీసుకెళ్లారు. జంధ్యం తీయలేదు. పెంపుడు కొడుకు రాజారామ్ వెంట ఉన్నాడు. 1831 ఏప్రిల్ 8న లివర్‌పూల్‌లో దిగారు.

అక్కడ రెండున్నరేళ్లు ఏం చేశారు?

కంపెనీకి పార్లమెంటు ఇచ్చే అధికార పత్రం, అంటే చార్టర్, పొడిగింపు మీద చర్చ అప్పుడే నడుస్తోంది. భారతదేశంలో రెవెన్యూ, న్యాయ వ్యవస్థల మీద పార్లమెంటు కమిటీకి రాతపూర్వకంగా జవాబులిచ్చారు. బెంగాల్ రైతు ఎంత దీనస్థితిలో ఉన్నాడో, శిస్తు భారం ఎలా ఉందో వాటిలో వివరంగా చెప్పారు. తత్వవేత్త జెరెమీ బెంథామ్‌ను కలిశారు, నాలుగో విలియం పట్టాభిషేకానికి హాజరయ్యారు. 1832లో పారిస్ వెళ్లారు. లండన్‌లో ఉన్న ఇల్లు బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో, కలకత్తా విద్యాదాత డేవిడ్ హేర్ బంధువులది.

## మరణం, మొదటి ఖననం

బ్రిస్టల్ ఎందుకు వెళ్లారు? ఎలా చనిపోయారు?

బ్రిస్టల్‌లోని యూనిటేరియన్ మతాచార్యుడు లాంట్ కార్పెంటర్ ఆహ్వానం మీద 1833 సెప్టెంబర్ మొదట్లో వెళ్లారు. త్రిత్వాన్ని ఒప్పుకోని క్రైస్తవులు యూనిటేరియన్లు, అందుకే ఆయనతో స్నేహం కుదిరింది. స్టేపుల్టన్ గ్రోవ్ అనే తోట బంగళాలో దిగారు. కొద్ది రోజుల్లోనే జ్వరం, తలనొప్పి పట్టుకున్నాయి. డాక్టర్ ఎస్ట్‌లిన్ వైద్యం చేశారు, డేవిడ్ హేర్ సోదరుడి కూతురు దగ్గరుండి సేవ చేసింది. సెప్టెంబర్ 27 తెల్లవారుజామున 2 గంటల 25 నిమిషాలకు కన్నుమూశారు. మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్, కారణమని తర్వాత తేలింది.

హిందువు కదా, దహనం ఎందుకు చేయలేదు?

అప్పటి ఇంగ్లండ్‌లో దహనం అన్న ఆచారమే లేదు. అక్కడ వోకింగ్‌లో మొదటి ఆధునిక దహనం జరిగింది 1885లో. కలకత్తాకు ఓడ ప్రయాణం నాలుగైదు నెలలు కాబట్టి పార్థివదేహాన్ని తెచ్చే వీలూ లేదు. మిగిలింది ఖననం ఒక్కటే.

చివర్లో క్రైస్తవంలో కలిసిపోయారని విన్నాను. చర్చి శ్మశానంలోనే పెట్టారా?

రెండూ కాదు. తాను ఇక్కడ పోతే క్రైస్తవ శ్మశానంలో, క్రైస్తవ విధిలో పూడ్చవద్దని, విడిగా కొంత నేల కొని పెట్టమని ఆయన ముందే చెప్పారు. మతం మారాడని ఎవరైనా రుజువు చేస్తే, అప్పటి చట్టం ప్రకారం కొడుకులు రాధాప్రసాద్, రమాప్రసాద్‌ల వారసత్వ హక్కుకే ముప్పు వచ్చేది. ఆస్తి లేక ఆడవాళ్లు ఎలా చితికిపోతారో పుస్తకం రాసిన మనిషి, తన చావు వల్ల సొంత ఇంట్లో ఆ కష్టం రాకుండా చూసుకున్నారు. చనిపోయినప్పుడు కూడా ఎడమ భుజం మీదుగా జంధ్యం ఉందని అక్కడ ఉన్నవాళ్లు రాసిపెట్టారు.

ఖననం ఎలా జరిగింది?

చనిపోయిన మూడు వారాలకు, 1833 అక్టోబర్ 18న, స్టేపుల్టన్ గ్రోవ్ తోటలోనే ఎల్మ్ చెట్ల కింద. మంత్రం లేదు, ప్రార్థన లేదు, ప్రసంగం లేదు. మౌనంగా దించి మట్టి కప్పారు. చుట్టూ ఉన్న స్నేహితులు దాదాపు అందరూ క్రైస్తవులే. తమ పద్ధతిలో నాలుగు మాటలు చెప్పాలని వాళ్లకు ఉండకపోదు. అయినా ఆయన మాట నిలబెట్టారు. ఆ సంస్కారానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

## ఆర్నోస్ వేల్ సమాధి

పదేళ్ల తర్వాత సమాధి ఎందుకు మార్చారు?

మొదటిది ప్రైవేటు తోట. చేతులు మారితే సమాధికి వెళ్లే దారి కూడా ఉండదు. ఆయన స్నేహితుడు, రవీంద్రనాథ్ ఠాగూర్ తాత ద్వారకానాథ్ ఠాగూర్ ఇంగ్లండ్ వచ్చినప్పుడు ఈ పని చేతికెత్తుకున్నారు. బ్రిస్టల్‌లో కొత్తగా తెరిచిన ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో చోటు తీసుకుని, 1843 మే 29న శవపేటికను అక్కడికి మార్పించారు. మూడేళ్లకు ద్వారకానాథ్ కూడా లండన్‌లోనే పోయారు. ఆయన సమాధి కెన్సల్ గ్రీన్‌లో ఉంది.

చూడ్డానికి ఎలా ఉంటుంది?

శిలువలు, దేవదూతల బొమ్మల మధ్య ఒక్కసారిగా మన దేశంలో కట్టే తరహా ఛత్రి కనిపిస్తుంది. రాతి స్తంభాలు, వాటి మీద చూరు, పైన గోపురం, నాలుగు వైపులా తెరిచి గాలి ఆడుతూ ఉంటుంది. కలకత్తాలో పనిచేసిన విలియం ప్రిన్సెప్ దీని రూపం గీశారు. 1872లో వంశీకులు పెట్టించిన ఫలకం మీద ఆయన ఏకేశ్వర విశ్వాసం, బహుభాషా పాండిత్యం, సతిని ఆపడానికి పడిన తపన ఇంగ్లిష్‌లో ఉన్నాయి. నిలబడి మొత్తం చదవండి. చాలామంది ఫొటో తీసుకుని వెళ్లిపోతారు.

పాడుబడిపోయిందని ఎవరో చెప్పారు. ఇప్పుడెలా ఉంది?

బాగుంది. ఒకప్పుడు శ్మశానవాటిక మొత్తం పిచ్చిమొక్కలతో నిండిపోయింది, సమాధి రాయి కూడా దెబ్బతింది. స్థానికులు పోరాడితే నగర కౌన్సిల్ ఆ స్థలాన్ని స్వాధీనం చేసుకుంది. సింగపూర్‌లో ఉంటున్న కోల్‌కతా వ్యాపారి ఒకరు ఇచ్చిన విరాళంతో 2008 నాటికి సమాధికి మరమ్మతులు పూర్తయ్యాయి. ఏటా సెప్టెంబర్ 27 దగ్గర్లో అక్కడ స్మారక సభ జరుగుతుంది.

అస్థికలను ఇండియాకు తెచ్చేయొచ్చు కదా?

అప్పుడప్పుడు వచ్చే కోరికే. నాకు మాత్రం అక్కడే ఉండాలనిపిస్తుంది. ఆ చోటును ఎంచి, ఖర్చు భరించి సమాధి కట్టించింది ఆయన స్నేహితుడే. దాదాపు రెండు శతాబ్దాలుగా ఆ ఊరివాళ్లు తమ మనిషిగా చూసుకుంటున్నారు. రాధానగర్‌లో ఆయన పేరు నిలబెట్టడానికి చేయాల్సిన పనులు వేరే చాలా ఉన్నాయి.

లండన్ నుంచి ఎలా వెళ్లాలి?

పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటా నలభై నిమిషాల్లో బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్. అక్కడి నుంచి బాత్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు, నడిచి వెళ్లొచ్చు. శ్మశానవాటిక తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి ముందే చూసుకోండి. రోజంతా ఉంటే కాలేజ్ గ్రీన్ దగ్గర 1997లో పెట్టిన ఆయన కంచు విగ్రహం, బ్రిస్టల్ మ్యూజియంలో బ్రిగ్స్ గీసిన నిలువెత్తు చిత్రం కూడా చూడొచ్చు. ఆర్నోస్ వేల్‌లోనే మేరీ కార్పెంటర్ సమాధి ఉంది. లాంట్ కార్పెంటర్ కూతురు ఆమె. రామ్మోహన్ ప్రభావంతో తర్వాత భారతదేశానికి వచ్చి ఆడపిల్లల చదువు కోసం పనిచేసింది.

## తెలుగు నేల మీద

తెలుగువాళ్లకు ఆయనతో ఏమైనా సంబంధం ఉందా?

ఆయన ఇటు రాలేదు, ఆలోచనలు వచ్చాయి. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం బ్రహ్మసమాజ భావాలతో నడిచినవారే. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆ భావాలను ఒక తరం విద్యార్థులకు అందించారు. విజయవాడలో గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకట రమణయ్య పనిచేసిన గ్రంథాలయానికి రామ్మోహన్ పేరే ఉంది.

మా ఊరి లైబ్రరీ పుస్తకాల మీద ఆయన పేరుతో ముద్ర ఉంటుంది. ఎందుకు?

అది కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ముద్ర. ఆయన ద్విశతాబ్ది సందర్భంగా 1972లో కేంద్రం దాన్ని ఏర్పాటు చేసింది. దేశమంతటా ప్రజా గ్రంథాలయాలకు పుస్తకాలు, భవనాలు, సామగ్రి కోసం సాయం చేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రంథాలయాలకు కూడా ఆ సాయం అందుతుంది.